ఎండ నుండి విద్యుచ్ఛక్తి - పల్లెకు తగిన చిన్న సౌరకేంద్రము

శ్రీకాకుళము పట్టణమునకు చేరువనున్న అరసవల్లిలో సూర్యనారాయణస్వామి ఆలయము కలదు. రథసప్తమినాడు అచ్చటికి వేలాది యాత్రికులు వత్తురు. ఏడాదికి రెండుమారులు, మార్చి 9, 10 తేదీల ప్రాంతమునను, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతమునను, ఉదయకిరణములు ఆలయద్వారముగుండా ప్రవేశించి స్వామి పాదములను తాకును. ఈ దృశ్యమును చూచుటకై భక్తులు తెల్లవారకమునుపే బారులు తీరుదురు.

ఆ సూర్యుని రశ్మియే నేడు మన పల్లెలలో బడి కప్పులమీదను, పొలము గట్లమీదను పరచిన నల్లని పలకలపై పడి విద్యుచ్ఛక్తిగా మారుచున్నది. ఈ పలకలను చూచినవారికి మూడు ప్రశ్నలు పుట్టుచుండును. ఏ చక్రమును తిరుగక, ఏ పొగయు రాక, ఈ పలకలో విద్యుత్తు ఎట్లు పుట్టుచున్నది? ఎండ ఎంత మండిన అంత విద్యుత్తు వచ్చునా? తుపాను వచ్చి ఊరి తీగెలు తెగిపడిననాడు మన ఇంటి పలక మనకు దీపమిచ్చునా? మూడవ ప్రశ్న సముద్రతీరమున నివసించు మనకు మిక్కిలి ముఖ్యమైనది. దానికి పెక్కుమంది అనుకొను సమాధానము సరియైనది కాదు. కావున ఈ మూడింటిని వరుసగా విచారింతము.

రశ్మిలో ఎంత శక్తి యున్నది?

సూర్యుడు మనకు దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నాడు. అచ్చట బయలుదేరిన వెలుగు మన నేలను చేరుటకు 8 నిమిషములకు పైగా పట్టును. మబ్బులేని మధ్యాహ్నమున సూర్యునికి ఎదురుగా నిలిపిన ఒక చదరపు మీటరు తావుపై పడు ఎండలో ఇంచుమించు 1000 వాట్ల శక్తి యుండును. అనగా ఒక మంచము పట్టునంత చోటున పడు ఎండ, ఒక చిన్న పంపుసెట్టును త్రిప్పుటకు చాలినంత యన్నమాట. అయితే ఆ శక్తినంతటిని పట్టుకొను పలకను ఇంతవరకు ఎవ్వరును చేయలేదు. నేడు అంగడిలో దొరకు మంచి పలకలు తమపై పడిన ఎండలో సుమారు అయిదవ వంతును మాత్రమే విద్యుత్తుగా మార్చును. తక్కినది వేడియై పోవును.

ఈ లెక్క ప్రకారము ఒక కిలోవాటు కేంద్రమునకు సుమారు 5 చదరపు మీటర్ల పలకలు కావలెను. నడుచుటకును, కడుగుటకును, ఒక వరుస నీడ వేరొక వరుసపై పడకుండుటకును విడువవలసిన జాగాను కలుపుకొన్నచో 10 చదరపు మీటర్లు, అనగా సుమారు 100 చదరపు అడుగుల మిద్దె చాలును.

ఉదయమునను, సాయంకాలమునను ఎండ పలుచనగా నుండును. ఒక దినమున కాసిన ఎండనంతటిని కూడబెట్టి చూచినచో మన ప్రాంతమున సగటున 5 గంటల నిండు ఎండకు సమానమగును. తీగెలలోను, యంత్రములలోను కలుగు నష్టములు పోగా, ఒక కిలోవాటు కేంద్రము సగటున రోజునకు 4 యూనిట్ల విద్యుత్తు నిచ్చునని లెక్కింపవచ్చును. ఆషాఢ శ్రావణములలో ఇంతకు తగ్గును. మాఘ ఫాల్గుణములలో హెచ్చును.

కదలని యంత్రము

మన ప్రాంతమునకు విద్యుత్తు తెచ్చిన పాత కేంద్రములలో మాచ్‌ఖండ్ ఒకటి. ఆంధ్ర ఒరిస్సా సరిహద్దునగల ఆ జలవిద్యుత్కేంద్రము 1955లో పనిచేయ నారంభించెను. అచ్చట ఎత్తునుండి పడు నీరు చక్రమును త్రిప్పును. చక్రము జనరేటరును త్రిప్పును. విశాఖపట్టణము చెంతనున్న సింహాద్రి కేంద్రమున బొగ్గును కాల్చి, నీటిని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరితో చక్రమును త్రిప్పుదురు. నీరైనను, ఆవిరియైనను, గాలియైనను, ఈ పద్ధతులన్నిటను తిరుగునట్టి యంత్రము తప్పదు.

సౌరపలక మార్గము వేరు. ఇందు తిరుగునది ఏదియు లేదు. వెలుగు నేరుగా విద్యుత్తగును. ఈ వింతను మొట్టమొదట గమనించినవాడు ఫ్రాన్సు దేశీయుడైన ఎడ్మండ్ బెకెరెల్. 1839లో, తన 19వ ఏట, ద్రావకములో ముంచిన లోహపు రేకులపై వెలుగు పడినపుడు విద్యుత్తు పుట్టుటను అతడు కనిపెట్టెను. వెలుగు చిన్న చిన్న మూటలుగా వచ్చుననియు, ఒక్కొక్క మూట తన శక్తిని ఒక్కొక్క ఎలక్ట్రానునకు అందింపగలదనియు 1905లో ఐన్‌స్టీన్ వివరించెను. ఈ కృషిని ప్రత్యేకముగా పేర్కొని ఆయనకు 1921 సంవత్సరపు నోబెల్ బహుమతి నిచ్చిరి. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు సిలికానుతో పనికివచ్చు సౌరఘటమును తయారుచేసిరి. నాడది నూటికి 6 పాళ్ల ఎండను మాత్రమే విద్యుత్తుగా మార్చెను. 1958లో అంతరిక్షమునకు వెళ్ళిన వాన్‌గార్డ్ ఉపగ్రహమును, 1975లో ప్రయోగింపబడిన మన ఆర్యభట్టయు సౌరఘటముల శక్తితోడనే పనిచేసెను. అంతరిక్షమున వాడిన వస్తువు నేడు మన పెంకుటింటి ప్రక్కకు వచ్చినది.

ఇసుకలోని సిలికాను

పలకకు మూలద్రవ్యము సిలికాను. నేలలో ఇది లేని చోటు లేదు. ఇసుకలోను, తెల్లని పలుగురాతిలోను ప్రాణవాయువుతో కలసి యుండును. గరివిడి వైపు మాంగనీసు ఖనిజమును విద్యుత్కొలిమిలో కరగించి మిశ్రలోహము చేయు విధము విజయనగరము జిల్లావారికి తెలిసినదే. అట్టి కొలిమిలోనే పలుగురాతిని బొగ్గుతో కలిపి మిక్కిలి వేడిమిలో కాల్చినచో సిలికాను వేరుపడును. దానిని పలుమారులు శుద్ధిచేసి, దిమ్మగా పోతపోసి, కాగితము మందమున రేకులుగా కోయుదురు.

శుద్ధమైన సిలికాను విద్యుత్తును సరిగా పోనీయదు. అందుచే రేకు ఒకవైపున కొద్దిపాటి భాస్వరమును, రెండవవైపున కొద్దిపాటి బోరానును కలుపుదురు. భాస్వరము కలిసినవైపు స్వేచ్ఛగా తిరుగు ఎలక్ట్రానులు హెచ్చుగా నుండును. బోరాను కలిసినవైపు ఎలక్ట్రానులు లోపించిన ఖాళీలుండును. వీనిని రంధ్రములందురు. ఈ రెండు భాగములు కలియు సరిహద్దున ఒక విద్యుత్క్షేత్రము దానంతటదియే ఏర్పడును. అది చెరువు తూమునకు అమర్చిన ఒంటివైపు తలుపువలె పనిచేయును. ఎలక్ట్రానులను ఒకవైపునకే పోనిచ్చును. తిరిగి రానీయదు.

ఎండ పడినపుడు వెలుగుమూట ఒకటి సిలికానులో కుదురుగానున్న ఎలక్ట్రానును తట్టి లేపును. లేచిన ఎలక్ట్రాను ఆ సరిహద్దు తలుపును దాటి భాస్వరమువైపు చేరును. అచ్చట చేరినవి మరల వెనుకకు పోలేవు. రేకు ముందువైపునకును, వెనుకవైపునకును ఒక తీగె కలిపినచో, ఆ ఎలక్ట్రానులు తీగెగుండా చుట్టి తమ తావునకు మరలును. దారిలో దీపమున్న దీపము వెలిగించును. మోటారున్న మోటారును త్రిప్పును. ఈ ప్రవాహమే విద్యుత్తు. ఇందు సిలికాను తరుగదు, కాలదు, కరగదు. కావుననే మంచి పలక 25 ఏండ్లు పనిచేయును. ఏటేట దాని శక్తి స్వల్పముగా మాత్రము తగ్గును.

పలకనుండి ఇంటి దీపమువరకు

ఒక సౌరఘటము ఇచ్చునది అర వోల్టుకు కొంచెము పైమాట. అది దీపమునకు చాలదు. అందుచే 60, 72 లేక అంతకు మించిన ఘటములను వరుసగా జోడించి, పైన గట్టి గాజును, అడుగున రేకును అమర్చి, చుట్టును అల్యూమినియము చట్రము బిగింతురు. ఇదియే ప్యానెలు, మనము పలక యనునది. ఇట్టి పలకలు కొన్ని కలిసిన కేంద్రమగును.

పలకనుండి వచ్చునది ఏకముఖ విద్యుత్తు. అది టార్చిలైటు బ్యాటరీలోనివలె ఒకే దిశగా ప్రవహించును. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు ఏకాంతర విద్యుత్తు. అది సెకనుకు 50 ఆవృత్తులుగా ఇటునటు దిశ మార్చుచుండును. మొదటిదానిని రెండవదానిగా మార్చు పెట్టెయే ఇన్వర్టరు. అటుపిమ్మట మీటరు. పగలు మన అవసరమునకు మించిన విద్యుత్తు తీగెగుండా బయటకు పోవును. రాత్రి కావలసినది అదే తీగెగుండా లోపలికి వచ్చును. పోయినదానిని, వచ్చినదానిని మీటరు రెండింటిని లెక్కించును. తేడాకు మాత్రమే మనకు బిల్లు వచ్చును.

ఈ ఏర్పాటును పొలమునకు అన్వయించిన ఒక ప్రయత్నము మన ప్రాంతముననే జరిగినది. గడచిన దశకపు చివరి యేండ్లలో విజయనగరము జిల్లా భోగాపురము మండలము సవరవిల్లి విద్యుత్ ఫీడరు క్రింద సుమారు 250 వ్యవసాయపు పంపుసెట్లకు తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ సౌరపలకలను జోడించెను. పాత మోటార్లకు బదులు తక్కువ విద్యుత్తుతో పనిచేయు కొత్తరకపు మోటార్లను పెట్టిరి. దీనిలోని ఆలోచన గమనింపదగినది. రైతు పంపుసెట్టు ఏడాది పొడవున నడువదు. వానలు కురిసిననాడును, కోతల కాలమునను అది ఊరకుండును. కాని ఎండ మాత్రము కాయుచునే యుండును. నీరు తోడనినాటి విద్యుత్తు తీగెకు చేరి, దానికై రైతునకు కొంత సొమ్ము ముట్టవలెననుట ఆ పథకపు ఉద్దేశము. మోటారు నిద్రించుచున్నను పలక పనిచేయుచుండును గదా!

పెద్ద కేంద్రములలోను సూత్రము ఇదియే. కర్నూలు ప్రాంతమున 2017లో పనిచేయ నారంభించిన 1000 మెగావాట్ల సౌరక్షేత్రమునందును, సింహాద్రి కేంద్రపు జలాశయముపై 2021లో తేలవేసిన 25 మెగావాట్ల పలకలయందును పనిచేయునది మన మిద్దెమీది సిలికాను రేకే.

ఎండ వేరు, వేడి వేరు

రెండవ ప్రశ్నకు వత్తము. మే నెలలో నేల మాడిపోవునపుడు విద్యుత్తు హెచ్చుగా రావలెనని పలువురు తలంతురు. పలకకు కావలసినది వెలుగే గాని వేడి కాదు. వేడి దానికి శత్రువు. పలక 25 డిగ్రీల వేడిమికి మించి ఎక్కిన ప్రతి డిగ్రీకి దాని శక్తి నూటికి మూడవ వంతు పాలుకు పైగా తగ్గును. వేసవి మధ్యాహ్నమున పలక 65 డిగ్రీలవరకు కాగును. అనగా 40 డిగ్రీలు హెచ్చు. అప్పుడు నూటికి 14 పాళ్లవరకు శక్తి నష్టమగును. రథసప్తమినాటి చల్లని, నిర్మలమైన పగటిలో అదే వెలుగునకు పలక హెచ్చుగా పనిచేయును. అందుచే పలకలను కప్పునకు అంటించి పరువరాదు. అడుగున గాలి ఆడునట్లు జానెడు ఎత్తైనను విడువవలెను.

పలకను ఎటు వంచవలెననునది వేరొక విషయము. అరసవల్లి కిరణముల సంగతి ఇచ్చట మనకు పాఠమగును. మార్చి 9, 10 తేదీలలోను, అక్టోబరు 1, 2 తేదీలలోను సూర్యుడు భూమధ్యరేఖకు సుమారు 4 డిగ్రీలు దక్షిణముగా నుండును. రెండు సమయములందును అతడు ఉదయించు చోటు ఇంచుమించు ఒక్కటే. కావుననే ఏడాదికి రెండుమారులు కిరణములు ఒకే ద్వారమున ఒకే తీరున ప్రవేశించును. తక్కిన దినములలో అతడు ఉత్తరమునకో దక్షిణమునకో జరుగును. శ్రీకాకుళము భూమధ్యరేఖకు 18 డిగ్రీలకు పైగా ఉత్తరమున నున్నది. మే నెల మధ్యలోను, జూలై చివరను మాత్రమే సూర్యుడు మన నడినెత్తికి వచ్చును. ఆ రెంటి నడుమ కొంచెము ఉత్తరమునకు జరుగును. మిగిలిన నెలలన్నియు మధ్యాహ్న సూర్యుడు దక్షిణముననే యుండును. కావున పలకను దక్షిణముఖముగా, సుమారు 18 డిగ్రీల వాలుగా నిలిపినచో ఏడాది మొత్తముమీద హెచ్చు విద్యుత్తు లభించును. వాలుగా నున్న పలకపై వాననీరు నిలువక జారి, దుమ్మును కడిగివేయును.

నీడ చేయు నష్టము

ఉద్దానపు తోటలలో ఇల్లు కట్టుకొన్నవారు ఈ మాటను ప్రత్యేకముగా గమనింపవలెను. ఘటములన్నియు ఒకదాని వెనుక ఒకటిగా జోడింపబడియుండుటచే వానిలో ప్రవాహము పంటకాలువలోని నీటివంటిది. కాలువకు ఒకచోట అడ్డు పడినచో దిగువ మడులన్నిటికిని నీరు తగ్గును. అట్లే కొబ్బరిమట్ట నీడ ఒకటి రెండు ఘటములపై పడినను ఆ వరుస అంతటి ప్రవాహము కుంటుపడును. నీడపడిన ఘటము వేడెక్కి చెడిపోవుటయు కలదు. నీడపడిన భాగమును తప్పించి ప్రవాహమును పోనిచ్చు డయోడులను పలకలలో అమర్చుదురు. అవి ఘటమును కాపాడునే గాని నష్టమును పూర్తిగా పూడ్చలేవు. ఉదయము 9 గంటలనుండి సాయంత్రము 3 గంటలవరకు నీడపడని చోటును ముందుగా చూచుకొని పిదప పలకలను కొనవలెను. నేడు పొట్టిగానున్న చెట్టు అయిదేండ్లకు ఎంత పెరుగునో కూడ తలచుకొనవలెను.

తుపాను రాత్రి దీపమేల ఆరును?

ఇక మూడవ ప్రశ్న. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతములలో కొబ్బరి, జీడితోటలు నేలకొరిగినవి. వేలకొలది విద్యుత్ స్తంభములు కూలినవి. పల్లెలు దినములకొలది చీకటిలో నుండెను. దీపము లేకపోవుట ఆ కష్టములో చిన్నభాగమే. మోటారు తిరుగక త్రాగునీరు లేదు. ఫోను పనిచేయక, బ్రతికియున్నామని బంధువులకు చెప్పుకొను దారి లేదు. శీతలపెట్టెలోని మందులకు చల్లదనము లేదు.

అట్టినాడు మిద్దెమీద పలకలున్నవారికి దీపము వెలుగునని మనము తలంతుము. తీగెకు జోడించిన సాధారణ కేంద్రమైనచో వెలుగదు. మరునాడు ఎండ కాసినను వెలుగదు. తీగెలో విద్యుత్తు లేదని తెలిసిన క్షణములలోనే ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోవును. ఇది యంత్రములోని లోపము కాదు. కావలెనని చేసిన ఏర్పాటు. ఏలయన, తెగిన తీగెలను కలుపుటకు లైన్‌మాను స్తంభమెక్కును. ఆ తీగెలో విద్యుత్తు లేదని అతని నమ్మకము. ఊరిలోని ఒక మిద్దెమీది పలక తీగెలోనికి విద్యుత్తును పంపినచో అతని ప్రాణమునకు ముప్పు. మనకు వెలుగు తెచ్చుటకు స్తంభమెక్కినవానిని మన పలకయే చంపరాదు గదా! కావున ఈ నియమమును తప్పించుటకు ఎవ్వరును యత్నింపరాదు.

అయినను దారి లేకపోలేదు. బ్యాటరీతో కూడిన, రెండు విధముల పనిచేయు ఇన్వర్టరు కలదు. దీనిని హైబ్రిడ్ ఇన్వర్టరు అందురు. ఊరి తీగె చనిపోయినపుడు ఇది మొదట ఇంటిని తీగెనుండి పూర్తిగా విడదీయును. పిదప పలకలను, బ్యాటరీని ఇంటిలోపలి దీపములకే వినియోగించును. బయటి తీగెలోనికి చుక్కయైనను పోనీయదు. లైన్‌మాను క్షేమముగా నుండును. ఇల్లును వెలుగును. దీనికి వెల హెచ్చు. ప్రతి ఇంటికిని ఇది అవసరము కాకపోవచ్చును. కాని ప్రతి తీరగ్రామమున ఒక్కచోటనైనను, బడిలోనో, తుపాను రక్షణభవనములోనో, పంచాయతీ కచేరీలోనో, ఇట్టి కేంద్రము ఉండుట అవసరము.

2024 ఫిబ్రవరిలో ప్రారంభింపబడిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున ఇండ్లకు ఒక కిలోవాటునకు 30,000 రూపాయలు, 2 కిలోవాట్లకు 60,000 రూపాయలు, 3 కిలోవాట్లకును అంతకు మించినదానికిని 78,000 రూపాయలు సహాయముగా నిర్ణయింపబడినవి. ఈ సహాయము తీగెకు జోడించిన పలకలకే గాని బ్యాటరీకి కాదు. బిల్లు తగ్గుటకు ఈ ఏర్పాటు చక్కగా ఉపకరించును. తుపాను రాత్రికి మాత్రము అది చాలదు. కొనువారు ఈ భేదమును ముందే తెలిసికొనవలెను.

ఊరికి ఎంత కేంద్రము కావలెను?

500 మంది జనాభాగల తీరగ్రామమును ఉదాహరణముగా తీసికొందము. ఆపత్కాలమున ఒకదినమునకు కావలసిన విద్యుత్తును లెక్కింతము.

9 వాట్ల దీపములు 20, రాత్రి 6 గంటలు వెలుగుటకు 1.1 యూనిట్లు.
టీకాల శీతలపెట్టెకు రాత్రింబవళ్లు కలిపి 1.5 యూనిట్లు.
60 ఫోనులకు, ఒక్కొక్కదానికి 15 వాట్-గంటల చొప్పున, 0.9 యూనిట్లు.
ఒక కిలోవాటు విద్యుత్తు తీసికొను నీటిమోటారు 3 గంటలు నడచుటకు 3 యూనిట్లు.

వెరసి 6.5 యూనిట్లు. ఆ మోటారు 40 మీటర్ల లోతునుండి 3 గంటలలో ఇంచుమించు 10,000 లీటర్ల నీరు తోడును. అనగా మనిషికి 20 లీటర్లు. త్రాగుటకును, వంటకును చాలును.

3 కిలోవాట్ల కేంద్రము మామూలు దినమున 12 యూనిట్ల నిచ్చును. కాని తుపాను వెనువెంట మబ్బు విడువదు. దట్టమైన మబ్బులో రాబడి నాలుగవ వంతునకు, అంటే 3 యూనిట్లకు పడిపోవచ్చును. అప్పుడు దీపములు, టీకాలు, ఫోనులు ఎట్లో గట్టెక్కును గాని మోటారు నడువదు. కావున నీటికి వేరొక ఉపాయము చూడవలెను. ఎత్తుమీది నీటి ట్యాంకును తుపాను హెచ్చరిక విన్ననాడే అంచువరకు నింపి యుంచవలెను. నీటిని నిలువచేసిన, విద్యుత్తును నిలువచేసినట్లే. ట్యాంకు కంటె చవుకైన బ్యాటరీ లేదు.

బ్యాటరీ ఎంత యుండవలెను? రెండు దినములు ఎండయే లేదనుకొన్నచో దీపములకును, శీతలపెట్టెకును కలిపి 5.2 యూనిట్లు కావలెను. ఇన్వర్టరులో పదవ వంతు నష్టమగును. లిథియము బ్యాటరీలో నిండుదనపు నూటికి 80 పాళ్లు వాడుకొన్నచో 7 యూనిట్లకు కొంచెము మించిన బ్యాటరీ చాలును. సీసపు బ్యాటరీని సగమునకు మించి వాడినచో త్వరగా చెడును. కావున అదైనచో 12 యూనిట్ల పరిమాణము కావలెను. సీసపుదాని వెల మొదట తక్కువ. కాని స్వేదనజలము పోయుచుండవలెను, కొన్ని యేండ్లకే మార్చవలెను. ఏది కొనుటయైనను, ఈ లెక్క వేసిన పిమ్మటనే కొనవలెను.

గాలికి నిలుచు బిగింపు

తీరమున పెట్టు కేంద్రమునకు అసలు పరీక్ష గాలి. గంటకు 150 కిలోమీటర్ల వేగమున వీచు గాలి, తనకు అడ్డముగా నిలిచిన ఒక చదరపు మీటరుపై సుమారు 100 కిలోల బరువుతో ఒత్తును. 3 కిలోవాట్ల కేంద్రమునకు 15 చదరపు మీటర్ల పలకలుండును. అనగా గాలి పూర్తిగా ఎదురైనచో ఒకటిన్నర టన్నుల ఒత్తిడి. వేగము రెట్టింపైన ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలగును. వాలుపలక అడుగున దూరిన గాలి దానిని గాలిపటమువలె పైకి లాగును. కావున చట్రపు కాళ్లను మిద్దెమీద ఇటుకలు పేర్చి నిలిపిన చాలదు. శ్లాబులోని కాంక్రీటునకు బోల్టులతో బిగింపవలెను. బోల్టులు తుప్పుపట్టని ఉక్కువై యుండవలెను. చట్రము జింకుపూత వేసినదై యుండవలెను. ఉప్పుగాలి మామూలు ఇనుమును కొద్ది యేండ్లలో తినివేయును. ఏటేట సెప్టెంబరు నెలలో, తుపానుల కాలమునకు ముందు, బోల్టులన్నిటిని ఒకమారు బిగించి చూడవలెను.

పిడుగులనుండి కాపాడుటకు భూసంధానము సరిగా చేయించవలెను. బ్యాటరీని, ఇన్వర్టరును నేలమీద పెట్టరాదు. గెడ్డ పొంగిననాడు వరదనీరు ఎంత ఎత్తు వచ్చెనో ఊరి పెద్దలు చెప్పగలరు. ఆ గుర్తునకు పైన గోడకు అమర్చవలెను.

పలకలను నెలకు రెండుమారులు తెల్లవారుజామున మెత్తని గుడ్డతో, మంచినీటితో కడుగవలెను. మధ్యాహ్నము కాగియున్న గాజుపై చన్నీరు పోసినచో గాజు పగులవచ్చును. టెక్కలి వైపు రాతిగనుల దుమ్ము పడు గ్రామములలో ఇంకను తరచుగా కడుగవలెను.

ఒక హెచ్చరిక ముఖ్యము. ఇంటి స్విచ్చి ఆపినను పలకలో విద్యుత్తు ఆగదు. వెలుగున్నంతవరకు అది పుట్టుచునే యుండును. పలకలు వరుసగా జోడించియుండుటచే ఆ తీగెలలో ప్రాణము తీయు వోల్టులుండవచ్చును. తుపానులో విరిగిపడిన పలకను, తెగిన దాని తీగెను వట్టిచేతులతో తాకరాదు. పిల్లలను చేరనీయరాదు. తెలిసిన పనివానిని పిలిపింపవలెను.

పంచాయతీ చేయవలసినది

ఎండకు వెల లేదు. దానిని పట్టు పలకకు, నిలువచేయు బ్యాటరీకి, నిలబెట్టు బోల్టునకు వెల కలదు. వీనిలో ఏది తక్కువైనను అవసరమైననాడు కేంద్రము మూగబోవును. కావున ఊరికి సౌరకేంద్రము వచ్చుచున్నదని తెలిసినపుడు గ్రామసభలో నాలుగు ప్రశ్నలు అడుగుడు. తీగె తెగిననాడు ఇది పనిచేయునా? బ్యాటరీ ఎన్ని దినములకు సరిపోవును? ఎంత గాలికి తట్టుకొనునట్లు బిగించుచున్నారు? అయిదేండ్ల పిదప దీనిని బాగుచేయువారెవరు, దానికి సొమ్మెచ్చటినుండి వచ్చును? ఈ నాలుగింటికి సమాధానములు వ్రాతమూలకముగా తీసికొని పంచాయతీలో భద్రపరచుడు. ఊరి యువకులలో ఇద్దరికైనను కేంద్రమును కడుగుట, బోల్టులు బిగించుట, బ్యాటరీని పరీక్షించుట నేర్పించుడు. బడిలో అమర్చినచో పై తరగతుల పిల్లలచే ప్రతిదినము మీటరు చూపించి, వచ్చిన యూనిట్లను పుస్తకమున వ్రాయించుడు. మబ్బునాటి లెక్క, ఎండనాటి లెక్క వారికి భౌతికశాస్త్ర పాఠమగును. రాబడి అకారణముగా తగ్గిననాడు దోషమును మొదట కనిపెట్టువారును వారే యగుదురు.

అక్టోబరు నెల మొదట అరసవల్లిలో సూర్యకిరణములు స్వామి పాదములను తాకును. హుద్‌హుద్, తిత్లీ తుపానులు మన తీరమునకు వచ్చినదియు అక్టోబరు నెలలోనే. ఆ నెల రాకమునుపే బోల్టులు బిగించి, ట్యాంకు బాగుచేయించి, బ్యాటరీని నిండుగా నుంచుకొన్న గ్రామమున, ఊరి తీగెలన్నియు నేలపాలైన రాత్రియు ఒక్క గదిలోనైనను దీపము వెలుగును. ఆ వెలుగున బిడ్డకు పాలు కాచుకొనవచ్చును, మరునాడు త్రాగుటకు నీరుండును.